ప్రభుత్వానికి హద్దు ఎక్కడ? స్వేచ్ఛావాదం చెప్పేదేమిటి

ప్రతి మనిషీ తన శరీరానికి, తన శ్రమకు, న్యాయంగా సంపాదించుకున్న ఆస్తికి తానే యజమాని. ఇతరుల మీద దౌర్జన్యం చేయనంతవరకు, వారిని మోసగించనంతవరకు అతను ఎలా బతకాలో నిర్ణయించే హక్కు మరెవరికీ లేదు. లిబర్టేరియనిజంగా ప్రపంచమంతటా పేరుపడ్డ స్వేచ్ఛావాదానికి పునాది ఇదే. ఇంతవరకు చాలామందికి పేచీ ఉండదు. పేచీ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. ఈ నియమం ప్రభుత్వానికీ వర్తిస్తుందంటారు స్వేచ్ఛావాదులు. పొరుగువాడు చేస్తే నేరమయ్యే పని, ప్రభుత్వం చేసినంత మాత్రాన న్యాయమైపోదన్నది వారి వాదన.

ఈ వాదన వెనుక ప్రభుత్వ స్వభావం గురించిన ఒక అవగాహన ఉంది. పన్ను కట్టకపోతే నోటీసు వస్తుంది. నోటీసును ఖాతరు చేయకపోతే జప్తు, జప్తును అడ్డుకుంటే అరెస్టు. లైసెన్సు లేని వ్యాపారానికైనా, నిషేధించిన పుస్తకానికైనా ఇదే వరుస. ప్రభుత్వం ఎంత మంచి ఉద్దేశంతో చట్టం చేసినా, దాన్ని అమలుచేసేది చివరికి బలప్రయోగమే. అందువల్ల ప్రతి చట్టానికీ సంజాయిషీ చెప్పుకోవలసినది ప్రభుత్వమే. ఒక పని చేసుకోవడానికి అనుమతి ఎందుకు ఇవ్వాలో పౌరుడు నిరూపించుకోనక్కరలేదు, ఎందుకు ఆపాలో ప్రభుత్వమే నిరూపించాలి. స్వేచ్ఛావాదుల్లో ఎన్ని శాఖలున్నా ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట.

రాజకీయాలను కుడి, ఎడమలుగా చూసే అలవాటు ఉన్నవారికి ఈ ధోరణి ఒక పట్టాన అంతుపట్టదు. పన్నులు తగ్గించాలి, ధరల నియంత్రణ ఎత్తేయాలి, ప్రభుత్వ సంస్థలు వ్యాపారం మానుకోవాలి అన్నప్పుడు వీరు కుడిపక్షంలా కనిపిస్తారు. నిర్బంధ సైనిక సేవ వద్దు, మాట మీద, రాత మీద, వ్యక్తిగత సంబంధాల మీద ఆంక్షలు వద్దు, మత్తుపదార్థాలు వాడినవారిని జైల్లో పెట్టొద్దు అన్నప్పుడు ఎడమపక్షంలా కనిపిస్తారు. వారి లెక్కలో ఈ రెంటికీ తేడా లేదు. మనిషి ఏం మాట్లాడాలో నిర్ణయించే అధికారం లేని ప్రభుత్వానికి, అతను ఏం అమ్మాలో నిర్ణయించే అధికారం మాత్రం ఎక్కడినుంచి వచ్చిందని వారు అడుగుతారు.

లాక్ నుంచి మిల్ దాకా

ఈ ఆలోచనకు తొలి రూపం ఇచ్చినవాడు ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్. రాజుకు అధికారం దేవుడిచ్చాడన్న వాదాన్ని ఖండిస్తూ ఆయన రాసిన ప్రభుత్వంపై రెండు గ్రంథాలు 1689లో వెలువడ్డాయి. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అన్నవి ప్రభుత్వం పుట్టకముందే మనిషికి ఉన్న హక్కులనీ, వాటిని కాపాడుకోవడానికే మనుషులు ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకున్నారనీ లాక్ వాదించాడు. కాపాడవలసిన ప్రభుత్వమే కాజేస్తే దాన్ని తొలగించే హక్కు ప్రజలకు ఉంటుంది. ఎవరిదీ కాని నేలలో మనిషి తన శ్రమను కలిపితే ఆ నేల అతనిదవుతుందన్న ఆయన సూత్రం నేటికీ ఆస్తి హక్కు చర్చలకు కేంద్రం. అయితే ఇతరులకు కూడా తగినంత, అంతే మంచిది మిగలాలన్న షరతు కూడా ఆయనే పెట్టాడు. ఆ షరతు తర్వాతి కాలంలో పెద్ద వివాదాలకు దారితీసింది.

ఎవరి లాభం వారు చూసుకుంటూ చేసే వ్యాపారం నుంచి సమాజానికి మేలు ఎలా పుడుతుందో 1776లో ఆడమ్ స్మిత్ వివరించాడు. 1850లో ఫ్రాన్సులో ఫ్రెడరిక్ బాస్టియా చట్టం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒకరి సొమ్మును మరొకరికి కట్టబెట్టే పనిని మనిషి చేస్తే దొంగతనం అంటున్నాం, చట్టం చేస్తే మాత్రం విధానం అంటున్నాం అన్నది ఆయన ఫిర్యాదు. అమెరికాలో లైసాండర్ స్పూనర్ అనే న్యాయవాది మాటలతో ఆగలేదు. ప్రభుత్వ తపాలా గుత్తాధిపత్యాన్ని సవాలు చేస్తూ 1844లో సొంత తపాలా కంపెనీ పెట్టి, ప్రభుత్వం కంటే తక్కువ రేటుకు ఉత్తరాలు చేరవేశాడు. ఆ మరుసటి ఏడే అక్కడి చట్టసభ తపాలా రేట్లు తగ్గించింది, దాంతోపాటు ప్రైవేటు పోటీపై నిషేధాన్నీ బిగించింది. స్పూనర్ కంపెనీ మూతపడింది. చవక తపాలా మాత్రం జనానికి మిగిలింది.

వ్యక్తి స్వేచ్ఛకు అందరికీ తెలిసిన కొలబద్దను ఇచ్చింది జాన్ స్టువర్ట్ మిల్. 1859లో వచ్చిన ఆయన గ్రంథం ప్రకారం, ఒక మనిషిని అతని ఇష్టానికి విరుద్ధంగా అడ్డుకోవడానికి ఒకే ఒక్క కారణం చెల్లుతుంది: అతని వల్ల ఇతరులకు హాని జరగడం. అతని మేలు కోరి అడ్డుకుంటున్నామన్న సాకు చెల్లదు. హెల్మెట్ నిబంధన నుంచి సినిమా సెన్సారు వరకు ఇప్పటికీ జరిగే వాదోపవాదాలన్నీ ఈ హాని సూత్రం చుట్టూ తిరిగేవే. మిల్‌ను చదివే భారతీయులు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆయన 1823 నుంచి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. స్వయంపాలనకు ఇంకా ఎదగలేదని తాను భావించిన సమాజాలకు ఈ స్వేచ్ఛ వర్తించదని ఆ గ్రంథంలోనే మినహాయింపు రాసుకున్నాడు. ఎవరు ఎదిగారో, ఎవరు ఎదగలేదో తేల్చే అధికారం పాలకుడి చేతిలో ఉంటే స్వేచ్ఛ ఎంత సులభంగా చేజారుతుందో ఆ మినహాయింపే చెబుతుంది.

ధరలో దాగిన సమాచారం

ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వ ప్రణాళికల కాలం వచ్చాక స్వేచ్ఛావాదుల వాదన హక్కుల నుంచి ఆర్థికశాస్త్రానికి విస్తరించింది. ఉత్పత్తి సాధనాలన్నీ ప్రభుత్వం చేతిలో ఉంటే వాటికి మార్కెట్ ధరలుండవు, ధరలు లేకపోతే ఏది ఎంత విలువైనదో లెక్కకట్టలేమని ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీసెస్ 1920లో అన్నాడు. ఆయన బాటలో నడిచిన ఫ్రీడ్రిక్ హయెక్ 1945లో రాసిన వ్యాసంలో దీన్ని మరింత స్పష్టం చేశాడు.

హయెక్ తీసుకున్న ఉదాహరణ తగరం. ప్రపంచంలో ఎక్కడో తగరానికి కొత్త ఉపయోగం దొరికింది, లేదా ఒక గని మూతపడింది. తగరం వాడే లక్షలమందికి ఆ కారణం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ధర పెరగడం చూసి ఎవరికి వారు వాడకం తగ్గించుకుంటారు, ప్రత్యామ్నాయాలు వెతుక్కుంటారు. ఎవరూ ఆదేశించకుండానే కొరత సర్దుబాటవుతుంది. ఒక ఆర్థిక వ్యవస్థ నడవడానికి కావలసిన సమాచారం కోట్లమంది బుర్రల్లో ముక్కలుముక్కలుగా చెదిరి ఉంటుందనీ, ఏ ప్రణాళికా సంఘమూ దాన్నంతా ఒకచోట చేర్చలేదనీ హయెక్ తేల్చాడు. అధికారుల నిజాయితీ గురించీ, తెలివితేటల గురించీ ఆయనకు సందేహం లేదు. ఎంత సమర్థుడైనా ఆ పని చేయలేడన్నదే ఆయన చెప్పింది. అంతకు ఏడాది ముందు, 1944లో వచ్చిన పుస్తకంలో, ఆర్థిక ప్రణాళికను పట్టుబట్టి అమలుచేసే ప్రభుత్వం క్రమంగా పౌరుల రాజకీయ స్వేచ్ఛను కూడా మింగేస్తుందని ఆయన హెచ్చరించాడు. 1974లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది. విచిత్రమేమంటే, ఆ ఏడాది బహుమతిని పంచుకున్న గున్నార్ మిర్డాల్ సంక్షేమ రాజ్యానికి గట్టి సమర్థకుడు.

ప్రభుత్వం ఎందుకు విఫలమవుతుందన్న ప్రశ్నకు జేమ్స్ బుకానన్, గోర్డన్ టల్లాక్‌లు 1962లో మరో జవాబు చేర్చారు. వ్యాపారి స్వలాభం చూసుకుంటాడు సరే, మంత్రీ అధికారీ కూడా మనుషులే కదా అన్నది వారి ఆలోచనకు మూలం. ఒక సబ్సిడీ వల్ల లాభం కొద్దిమందికి భారీగా దక్కుతుంది, ఖర్చు కోట్లమంది మీద తలా కొంచెం పడుతుంది. లాభపడేవారు ఏకమై ఒత్తిడి తెస్తారు, నష్టపోయేవారికి పోరాడేంత నష్టం కనిపించదు. అక్కరలేని పథకాలు కూడా ఏళ్ల తరబడి ఎందుకు కొనసాగుతాయో ఈ సిద్ధాంతం వివరిస్తుంది.

ఎంత ప్రభుత్వం కావాలి?

ప్రభుత్వాన్ని కుదించాలని చెప్పే స్వేచ్ఛావాదుల్లో ఎంతవరకు కుదించాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. స్థూలంగా మూడు వర్గాలు కనిపిస్తాయి.

మొదటి వర్గానికి ప్రతినిధి మిల్టన్ ఫ్రీడ్‌మన్. శాంతిభద్రతలు, న్యాయస్థానాలు, ద్రవ్య వ్యవస్థతో పాటు పేదలకు కొంత ఆసరా కూడా ప్రభుత్వం ఇవ్వొచ్చని ఆయన ఒప్పుకున్నాడు. అయితే అది పౌరుడి ఎంపికను హరించని రీతిలో ఉండాలి. బడులను ప్రభుత్వమే నడిపే బదులు తల్లిదండ్రుల చేతికి వోచర్లు ఇచ్చి నచ్చిన బడి ఎంచుకోనివ్వాలని 1955లోనే ప్రతిపాదించాడు. ఫలానా ఆదాయం కంటే తక్కువ ఉన్నవారికి ప్రభుత్వమే నగదు చెల్లించే రుణాత్మక ఆదాయపు పన్నును 1962 నాటి పుస్తకంలో సూచించాడు. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ రద్దుకు సిఫారసు చేసిన సంఘంలో ఆయన సభ్యుడు. 1973లో ఆ నిర్బంధం ముగిసింది.

రెండో వర్గానిది కనీస రాజ్యం. హార్వర్డ్ తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో రాసిన గ్రంథం దీనికి ప్రామాణికం. హింస, దొంగతనం, మోసాల నుంచి కాపాడటం, ఒప్పందాలను అమలుచేయడం వరకే ప్రభుత్వానికి అధికారం ఉందనీ, అంతకు మించి ఏం చేసినా ఎవరో ఒకరి హక్కును తొక్కినట్లేననీ ఆయన అన్నాడు. సమానత్వం కోసం సంపద పంపిణీ చేయాలన్న జాన్ రాల్స్ సిద్ధాంతానికి జవాబుగా ఆయన ఒక ఊహాచిత్రం గీశాడు. సమాజంలో సంపదను ఎవరికి న్యాయమనిపించిన పద్ధతిలో వారు పంచారనుకుందాం. బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఆట చూడ్డానికి పది లక్షలమంది ఇష్టపూర్వకంగా తలా 25 సెంట్లు అదనంగా ఇచ్చారు. సీజను ముగిసేసరికి అతని చేతిలో రెండున్నర లక్షల డాలర్లు అదనంగా చేరాయి. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు, కానీ మొదటి పంపకం చెదిరిపోయింది. దాన్ని మళ్లీ యథాస్థితికి తేవాలంటే ఇష్టపడి చేసుకున్న ఒప్పందాల్లో ప్రభుత్వం నిరంతరం వేలుపెడుతూనే ఉండాలి. శ్రమ మీద వచ్చే ఆదాయంపై పన్ను వేయడం వెట్టిచాకిరీ లాంటిదేనన్న నోజిక్ మాట అప్పట్లో పెద్ద దుమారమే రేపింది.

మూడో వర్గానికి కనీస రాజ్యం కూడా అక్కరలేదు. పోలీసులు, న్యాయస్థానాలు సైతం పోటీపడే ప్రైవేటు సంస్థలుగా నడవొచ్చని అమెరికా ఆర్థికవేత్త ముర్రే రాత్‌బార్డ్ వాదించాడు. అరాచక పెట్టుబడిదారీ విధానంగా పేరుపడ్డ ఈ ధోరణిని మిగతా స్వేచ్ఛావాదులే చాలావరకు అంగీకరించరు. రక్షణ సంస్థలు ఒకదానితో ఒకటి తలపడి చివరికి ఒకటే మిగిలి, అదే మరో ప్రభుత్వంగా మారుతుందన్నది వారి అభ్యంతరం. నవలా రచయిత్రి ఐన్ రాండ్ తన పాఠకుల్లో ఎందరినో ఈ ఉద్యమం వైపు నడిపించినా, తనను స్వేచ్ఛావాదిగా పిలవడాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు.

పార్టీగా, ప్రభుత్వంగా

1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వేతనాలను, ధరలను స్తంభింపజేసి, డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంచేశాడు. కుడిపక్షం నుంచి వచ్చిన అధ్యక్షుడే ఈ పని చేయడంతో విసిగిన కొందరు అదే ఏడాది డిసెంబరులో కొలరాడో రాష్ట్రంలో లిబర్టేరియన్ పార్టీ స్థాపించారు. 1972 ఎన్నికల్లో ఆ పార్టీకి ఓట్లు నామమాత్రంగానే వచ్చాయి. అయితే రిపబ్లికన్ పార్టీకి చెందిన ఒక ఎలెక్టర్ మనసు మార్చుకుని ఓటు వేయడంతో, ఉపాధ్యక్ష అభ్యర్థి టోనీ నేథన్ అమెరికా చరిత్రలో ఎలెక్టోరల్ ఓటు పొందిన తొలి మహిళ అయింది. 2016లో ఆ పార్టీ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కు దాదాపు 45 లక్షల ఓట్లు, అంటే మూడు శాతానికి పైగా వచ్చాయి. అక్కడి ఎన్నికల పద్ధతిలో మూడో పార్టీకి అంతకు మించి చోటు దొరకడం కష్టం.

ఈ భావజాలాన్ని బహిరంగంగా చెప్పుకుని అధికారానికి వచ్చిన నాయకుడు అర్జెంటీనాకు చెందిన హావియర్ మిలే. 2023 డిసెంబరు 10న అధ్యక్ష పదవి చేపట్టగానే ఆయన మంత్రిత్వ శాఖలను 18 నుంచి 9కి కుదించాడు, సబ్సిడీలకు కోత పెట్టాడు. ఆయన బాధ్యతలు తీసుకున్న నెలలో 25 శాతం దాటిన నెలవారీ ద్రవ్యోల్బణం 2024 చివరికి మూడు శాతం లోపుకు దిగింది. బడ్జెట్ మిగులులోకి వచ్చింది. అదే సమయంలో 2024 ప్రథమార్ధంలో పేదరికం జనాభాలో సగానికి పైగా పెరిగి, ద్వితీయార్ధంలో 38 శాతానికి తగ్గింది. కోతల భారం ముందు ఎవరిమీద పడుతుందన్న పాత ప్రశ్నను ఈ అంకెలు మళ్లీ ముందుకు తెచ్చాయి. గర్భస్రావ హక్కును మిలే వ్యతిరేకించడం చూసి, ఆయనది సగం స్వేచ్ఛావాదమేననే స్వేచ్ఛావాదులూ ఉన్నారు.

స్వతంత్ర పార్టీ, ఆచార్య రంగా

భారతదేశంలో ఈ ఆలోచనలకు దగ్గరగా వచ్చిన రాజకీయ ప్రయత్నం స్వతంత్ర పార్టీ. దానికి తొలి అధ్యక్షుడు తెలుగువాడు కావడం విశేషం. ఆ పార్టీ పుట్టకముందే, 1955లో రెండో పంచవర్ష ప్రణాళికను పరిశీలించిన ఆర్థికవేత్తల సంఘంలో బి.ఆర్. షెనాయ్ ఒక్కడే అసమ్మతి పత్రం రాశాడు. లోటు బడ్జెట్‌తో ఇంత పెద్ద ప్రణాళిక మోయడం ప్రమాదమని, నియంత్రణలు పెంచుకుంటూ పోవడం ప్రజాస్వామ్యానికి తగదని ఆయన హెచ్చరించాడు. 1957 నాటికే దేశం విదేశీ మారకద్రవ్య సంక్షోభంలో పడింది.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా తీర్మానించింది. రైతులు భూములను కలిపి సాగుచేసుకోవాలని, పట్టా హక్కు మాత్రం వారికే ఉంటుందని ఆ తీర్మానం సారాంశం. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రైతు ఉద్యమాలను నడిపిన ఆచార్య ఎన్.జి. రంగా దీన్ని ఎదిరించి కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చాడు. సొంత కుటుంబంతో సొంత చేను సాగుచేసుకునే రైతు ఎవరి ఆజ్ఞకూ లోబడనవసరం లేదనీ, అతని స్వాతంత్ర్యం పోతే ప్రజాస్వామ్యానికే పునాది కదులుతుందనీ ఆయన నమ్మిక. అదే ఏడాది జూన్‌లో మద్రాసులో రాజాజీ, మీనూ మసానీ తదితరులతో స్వతంత్ర పార్టీ ఏర్పడింది. అధ్యక్ష బాధ్యతను రంగా స్వీకరించాడు. పరిశ్రమ పెట్టాలన్నా, విస్తరించాలన్నా, సరుకు దిగుమతి చేసుకోవాలన్నా ఢిల్లీ అనుమతి కావలసిన వ్యవస్థకు లైసెన్సు-పర్మిట్ రాజ్ అని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చింది రాజాజీయే. ఆ పార్టీ 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచి అతిపెద్ద ప్రతిపక్షమైంది. 1971లో 8కి పడిపోయి, 1974లో మరో పార్టీలో కలిసిపోయింది.

స్వతంత్ర పార్టీని పూర్తి స్వేచ్ఛావాద పార్టీగా చెప్పడం కుదరదు. దాని బలంలో కొంత మాజీ సంస్థానాధీశుల నుంచి, జమీందారుల నుంచి వచ్చింది. భూసంస్కరణలను అడ్డుకునే పార్టీగా కమ్యూనిస్టులు, కాంగ్రెస్‌వారు దానిపై ముద్ర వేయడానికి ఇది తోడ్పడింది. వ్యాపారానికి పర్మిట్లు వద్దన్న రాజాజీయే 1937లో మద్రాసు ప్రధానిగా సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చాడు. ఆర్థిక స్వేచ్ఛ కోరినంత గట్టిగా వ్యక్తిగత అలవాట్ల విషయంలో స్వేచ్ఛ కోరలేదు.

ఆ పార్టీ బలం తగ్గాక కూడా నియంత్రణలు పెరిగాయి. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగించి, 300-ఎ అధికరణ కింద మామూలు చట్టబద్ధ హక్కుగా మార్చింది. 1991 జూలై 24న, ప్రధాని పి.వి. నరసింహారావు పరిశ్రమల శాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్న సమయంలో, కొత్త పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు విధానాన్ని రద్దుచేసింది. అప్పుల చెల్లింపు కోసం బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చిన సంక్షోభం అందుకు తక్షణ కారణం. షెనాయ్, రాజాజీ, రంగాల వాదన గెలవడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అదీ ఒప్పించి గెలవలేదు, గత్యంతరం లేక గెలిచింది.

సారా ఉద్యమం పెట్టిన పరీక్ష

హాని సూత్రం ఎంతవరకు పనికొస్తుందో చూడ్డానికి తెలుగునాట మద్యనిషేధం మంచి ఉదాహరణ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. దొంగసారా, అక్రమ రవాణా, ఖజానాకు పడిన గండి ఆ నిర్ణయానికి కారణాలుగా చెప్పింది.

స్వేచ్ఛావాదులు నిషేధానికి వ్యతిరేకులు. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో అమలైన మద్యనిషేధం ముఠాలను పెంచి పోషించిందని వారు గుర్తుచేస్తారు. తాగడం తాగేవాడి ఇష్టమంటారు. దూబగుంట ఆడవాళ్లకు మాత్రం అది తాగేవాడి సొంత వ్యవహారంలా కనిపించలేదు. కూలి డబ్బు సారాకు పోయింది, ఇంట్లో తన్నులు మిగిలాయి. అంటే హాని ఇతరులకే జరిగింది. మిల్ సైతం తన గ్రంథంలో మద్యనిషేధాన్ని వ్యతిరేకిస్తూనే, తాగి దౌర్జన్యం చేసినవాడిపై ప్రత్యేక ఆంక్షలు పెట్టొచ్చని, కుటుంబ పోషణ బాధ్యత తప్పినవాణ్ని శిక్షించవచ్చని ఒప్పుకున్నాడు. చిక్కు ఎక్కడంటే, ఇంటి గోడల మధ్య జరిగే హానిని ఒక్కొక్క కేసుగా పోలీసు స్టేషనుకు తీసుకెళ్లే పరిస్థితి ఆ ఆడవాళ్లకు లేదు. ఆ ఉద్యమంలో స్వేచ్ఛావాదులకు నచ్చే పార్శ్వం కూడా ఉంది. సారా అప్పట్లో స్వేచ్ఛగా సాగిన వ్యాపారం కాదు. ప్రభుత్వం వేలంలో కాంట్రాక్టరుకు ఏకహక్కు అమ్మి, ఆ రాబడిని ఖజానాకు చేర్చుకున్న వ్యాపారం. ఊరూరా సారా చేరడంలో ప్రభుత్వానిదీ ప్రధాన పాత్రే.

భూమి, మాట, గోప్యత

ప్రజా ప్రయోజనం పేరిట భూమి తీసుకునే అధికారం స్వేచ్ఛావాదులు మొదటినుంచీ అనుమానించిన విషయం. అమెరికాలో న్యూ లండన్ నగరం ఇళ్లను తీసుకుని ప్రైవేటు అభివృద్ధి పథకానికి ఇవ్వడాన్ని 2005లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో సమర్థించింది. ఇళ్లు పడగొట్టాక ఆ పథకం ముందుకు సాగలేదు, నేల ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పుపై వచ్చిన నిరసనతో అనేక రాష్ట్రాలు తమ చట్టాలను మార్చుకున్నాయి. భారతదేశంలో 1894 నాటి వలస చట్టం స్థానంలో 2013లో వచ్చిన భూసేకరణ చట్టం, ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది నిర్వాసితుల సమ్మతి కావాలంది. ఈ దేశంలో స్వేచ్ఛావాదుల కంటే ముందు ఆ డిమాండు చేసింది ఆదివాసీ, రైతు ఉద్యమాలు.

వ్యక్తిగత స్వేచ్ఛల విషయంలో భారత సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చాయి. ఇంటర్నెట్‌లో రాసిన మాటకు అరెస్టుచేయడానికి వాడుకున్న 66-ఎ సెక్షన్‌ను 2015లో కొట్టేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2018లో వయోజనుల స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేసింది. ఇదే న్యాయస్థానం 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ కోరే హక్కు పౌరుడికి లేదని తీర్పిచ్చింది. ఆ తీర్పును 2017 నాటి తీర్పే తోసిపుచ్చింది.

ప్రభుత్వేతర పెత్తనం మాటేమిటి?

స్వేచ్ఛావాదంపై విమర్శల్లో బలమైనది ఆస్తి మూలం గురించి. నేడు ఉన్న ఆస్తులు న్యాయంగా సంక్రమించినవైతేనే వాటిని తాకకూడదన్న వాదన నిలుస్తుంది. ప్రపంచంలో చాలా భూమి ఏదో ఒక కాలంలో బలప్రయోగంతో చేతులు మారినదే. నోజిక్ ఈ చిక్కును గుర్తించి, గత అన్యాయాలను సరిదిద్దాలన్న సూత్రాన్ని కూడా తన సిద్ధాంతంలో చేర్చాడు, కానీ దాన్ని ఎలా అమలుచేయాలో వివరంగా చెప్పలేదు. కొన్ని కులాలను తరతరాలుగా భూమికి, చదువుకు దూరంగా ఉంచిన సమాజంలో ఆ సూత్రాన్ని నిజాయితీగా అమలుచేస్తే ప్రభుత్వం చేయవలసిన పని తగ్గదు, పెరుగుతుంది. ఎవరి శరీరానికి వారే యజమానులు గానీ నేల అందరిదీ, అందుకే భూమి విలువపై పన్ను న్యాయమేనన్న వామపక్ష స్వేచ్ఛావాదులూ ఉన్నారు. వారికి ప్రేరణ 1879లో హెన్రీ జార్జ్ రాసిన గ్రంథం.

రెండో విమర్శ అధికారం ఎక్కడ ఉందన్నది. డాక్టర్ అంబేడ్కర్ 1947లో ప్రచురించిన ‘రాష్ట్రాలు - మైనారిటీలు’ అనే పత్రంలో ఈ ప్రశ్నను సూటిగా వేశాడు. ప్రభుత్వ జోక్యం లేకపోవడమే స్వేచ్ఛ అంటే, అది ఎవరి స్వేచ్ఛ? కౌలు పెంచుకోవడానికి భూస్వామికి, పని గంటలు పెంచి కూలి తగ్గించడానికి యజమానికి దొరికే స్వేచ్ఛే కదా అని ఆయన నిలదీశాడు. ప్రభుత్వం తప్పుకున్నచోట ఖాళీ మిగలదనీ, ప్రైవేటు యజమాని పెత్తనం ఆ చోటును ఆక్రమిస్తుందనీ ఆయన వాదన. ఊళ్లో నీళ్లు తోడుకోనివ్వని, పెళ్లిని అడ్డుకునే కుల పెద్దలకు ప్రభుత్వ ముద్ర అక్కరలేదు. వారిని ఆపాలంటే మాత్రం ప్రభుత్వమే కావాలి.

అమర్త్య సేన్ కరవుల అధ్యయనం నుంచి మూడో విమర్శ తెచ్చాడు. దేశంలో తిండిగింజలు ఉండగానే, ఎవరి ఆస్తి హక్కుకూ భంగం కలగకుండానే, కొనే శక్తి లేక లక్షలమంది ఆకలితో చనిపోవచ్చని ఆయన 1981 నాటి గ్రంథంలో చూపాడు. హక్కుల ప్రక్రియ సక్రమంగా నడిచినా ఫలితం ఘోరమైతే, ఆ ప్రక్రియ ఒక్కటే న్యాయానికి చాలదని ఆయన నిర్ధారణ. కాలుష్యం, అంటువ్యాధుల విషయంలోనూ ఇదే సమస్య. హాని చేసినవారిపై బాధితులు దావా వేసుకోవాలన్నది స్వేచ్ఛావాదుల పరిష్కారం. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు లీకై జనం చనిపోయినప్పటి లాంటి సందర్భాల్లో, హాని జరిగాక వచ్చే నష్టపరిహారం కంటే హాని జరగకుండా ముందే చేసే తనిఖీ విలువైనది.

ఈ విమర్శలకు స్వేచ్ఛావాదులు చెప్పే జవాబులోనూ బలం ఉంది. తనిఖీ అధికారం చేతిలో ఉన్న ప్రభుత్వం తనిఖీ చేయకుండా లంచం తీసుకుంటే ఏం చేయాలి? కుల పెత్తనాన్ని ఆపవలసిన పోలీసే పెద్దల పక్షం చేరితే ఎవరికి చెప్పుకోవాలి? యజమాని నచ్చకపోతే పని మానేయొచ్చు, కష్టమైనా మరో దారి ఉంటుంది. ప్రభుత్వం నచ్చకపోతే పన్ను కట్టడం మానేయడానికి వీల్లేదు. అందువల్ల ఏ అధికారమైనా అప్పగించేముందు, అది చెడ్డ పాలకుడి చేతికి వెళ్తే ఏమవుతుందో లెక్క వేసుకోమంటారు. ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టడానికి వాడిన ‘మీసా’ చట్టం 1971లో దేశ భద్రత పేరుతో వచ్చినదే.

మొత్తం మీద, ప్రభుత్వాన్ని ప్రశ్నించే పద్ధతిగా స్వేచ్ఛావాదం చాలా పదునైనది. ఈ చట్టం ఎవరిని ఏ హాని నుంచి కాపాడుతోంది, ఎవరి చేతులు కట్టేస్తోంది, ఎవరికి ఏకహక్కు కట్టబెడుతోంది అన్న మూడు ప్రశ్నలు వేస్తే లైసెన్సు రాజ్ నుంచి సారా వేలం వరకు ఎన్నో విధానాల గుట్టు బయటపడుతుంది. సమాజానికి పూర్తి నమూనాగా మాత్రం అది చాలదు. భూస్వామి, యజమాని, కుల పెద్ద చేతిలోని బలాన్ని అదే ప్రశ్నలతో కొలవడానికి ఆ సిద్ధాంతంలో తగినంత చోటు లేదు. రంగా ప్రభుత్వ పెత్తనాన్ని చూసి భయపడ్డాడు, అంబేడ్కర్ ప్రైవేటు పెత్తనాన్ని చూసి భయపడ్డాడు. ఇద్దరి భయాలకూ ఆధారాలున్నాయి. ప్రాథమిక హక్కుల ద్వారా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తూనే, అంటరానితనాన్ని, వెట్టిచాకిరీని నిషేధించే 17, 23 అధికరణల ద్వారా ప్రైవేటు వ్యక్తులను కూడా కట్టడి చేసిన భారత రాజ్యాంగం ఆ రెంటినీ లెక్కలోకి తీసుకుంది.